రాత్రి మాత్ర, తెల్లవారుజాము చెరువు

పెదపాడు దాటి కొల్లేటి వైపు దిగితే గట్ల మీద వరసగా కాపలా పాకలు కనిపిస్తాయి. చేపల చెరువుకి గండం తెల్లవారుజామునే. రాత్రంతా నాచూ చేపలూ కలిసి నీళ్లలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి. పొద్దు పొడవక ముందు, మూడింటికీ ఐదింటికీ మధ్య, అది అడుగంటుతుంది. మబ్బు పట్టి ఎండ రాని రోజైతే ఇంకా ముందే. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కాపలావాడు అది కనిపెట్టి మోటారు వెయ్యాలి, ఆసామికి ఫోన్ చెయ్యాలి. గంట ఆలస్యమైతే ఏడాది పెట్టుబడి వెల్లకిలా తేలుతుంది.

మానసిక జబ్బులకి వాడే, మత్తు తెచ్చే ఒలాంజపైన్ అనే మాత్ర మింగాక రక్తంలో అది గరిష్ఠ స్థాయికి చేరడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని మాత్ర వేసుకున్నవాడికి లెక్క వేసి చూడండి. సరిగ్గా మూడింటికి.

మా తమ్ముడు అలాగే పని పోగొట్టుకున్నాడు. ఇరవై ఆరో ఏట వాడికి స్కిజోఫ్రీనియా అని తేలింది. పక్కన ఎవరూ లేకుండానే మాటలు వినిపించేవి. దూరాన సెల్ టవర్ మీది ఎర్రదీపం తనకే సైగ చేస్తోందనేవాడు. ఊళ్లో కొందరు చిల్లంగి అన్నారు, తాయెత్తులు కట్టారు, ఒక కోడి పోయింది. చివరికి ఏలూరులో చూపించాం. మందులు పడ్డాయి. ఆరు వారాలకి మాటలు సన్నగిల్లాయి, మళ్లీ కాపలాకి వెళ్లాడు. రెండోసారి నిద్రపోతూ దొరికేసరికి ఆసామి లెక్క తేల్చి పంపేశాడు. ఆయన్నీ తప్పుపట్టలేను, ఆయన చేప ఆయనది.

"మాత్ర మానేస్తే పని దొరుకుతుంది కదన్నయ్యా" అన్నాడు వాడు. మానేశాడు. రెండు నెలలు నిజంగానే చురుగ్గా తిరిగాడు. 'చూశారా, మందులే వాణ్ని పాడుచేశాయి' అని మా పిన్ని కూడా అంది. మూడో నెలలో విజయవాడ బస్టాండులో వెతికి పట్టుకొచ్చాం.

అప్పుడు తీశాను పాత ఆస్పత్రి చీటీ. వృత్తి అన్న చోట 'వ్యవసాయ కూలీ' అని ఉంది. వీడి పనే రాత్రి మేలుకుని ఉండటమని డాక్టరుకి మేమెవరమూ చెప్పలేదు. నిద్ర పడుతోందా అని ఆయన అడిగినప్పుడల్లా 'బాగా పడుతోందండి' అని సంతోషంగా చెప్పాం. మిల్లు టైమాఫీసులో ఇన్నేళ్లు షిఫ్టుల పట్టీలు రాసినవాణ్ని, నాకే తట్టలేదు.

అందుకే ఈ మందులు వాడుతూ పని చేసుకునేవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి ముందుగా చెప్పేది ఒకటే: మీరు ఏ పని చేస్తారో, ఏ గంటకి చేస్తారో డాక్టరుకి విప్పి చెప్పండి. 'ప్రైవేటు ఉద్యోగం' అంటే ఆయనకి ఏమీ తెలియదు. 'ఉదయం ఐదింటికి పాల వ్యాన్ నడపాలి', 'మే నెలలో వరి మిల్లు కళ్లంలో ధాన్యం తిరగెయ్యాలి', 'నిచ్చెన ఎక్కి గోడలకి సున్నం వెయ్యాలి' అని చెప్పాలి. మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ, ఈ మూడూ మార్చదగినవే. మార్చాల్సిన అవసరం ఉందని ఆయనకి తెలియాలి కదా.

మందు లోపల ఏం చేస్తుందో కొంచెం తెలిసుంటే ఆ మాట ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనుల్లో ఒకటి, 'ఇదిగో, దీన్ని పట్టించుకో' అని గుర్తు పెట్టడం. సంతలో వందమంది మాట్లాడుతుంటే ఎవరో మన పేరు అనగానే తల అటు తిరుగుతుంది చూడండి, ఆ గుర్తు. ఈ జబ్బులో మెదడులోని ఒక భాగంలో డోపమైన్ శ్రుతి మించుతుంది. అప్పుడు సంబంధం లేని వాటికి కూడా గుర్తు పడుతుంది. టవర్ దీపం, మేస్త్రి దగ్గు, బస్సు వెనక రాసిన మాట, అన్నీ నా గురించే అనిపిస్తాయి. అంతగా అనిపించేదానికి మనసు ఓ కారణం అల్లుకుంటుంది. ఆ అల్లికే భ్రమ. షితిజ్ కపూర్ అనే మనోవైద్యుడు 2003లో రాసిన ఈ వివరణ నాకు తెలిసినవాటిలో తేలిగ్గా తలకెక్కేది. ఇదొక్కటే మొత్తం కథ కాదని కూడా డాక్టర్లు చెబుతారు.

మందు వెళ్లి డోపమైన్ వచ్చి తగలాల్సిన చోట, డి2 అనే గ్రాహకాల మీద, అడ్డంగా కూర్చుంటుంది. కొత్త గుర్తులు పడటం తగ్గుతుంది. పాత అల్లిక మాత్రం ఒక్కరోజులో విడిపోదు. తూము తలుపు దించినంత మాత్రాన చేలో నిలిచిన నీరు ఆ పూటే ఇంకిపోదు కదా, అలాగే. ఆందోళన, నిద్రలేమి మొదటి రోజుల్లోనే తగ్గొచ్చు. మాటలు, అనుమానాలు పలచబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి సెలవు అడిగేటప్పుడు 'నాలుగు రోజుల్లో వచ్చేస్తాడండి' అని మాట ఇవ్వకండి. నెల అడగండి.

మెదడు స్కాన్లతో తేల్చిన లెక్క ఒకటుంది. చాలా మందుల విషయంలో, ఆ డి2 గ్రాహకాల్లో సుమారు 65 శాతం మూసుకుంటేనే గుణం కనిపిస్తుంది. 80 శాతం దాటితే గుణం పెరగదు, ఒళ్లు బిగుసుకోవడం, వణుకు మొదలవుతాయి. సందు చాలా ఇరుకు. రెండు బిళ్లలు ఎక్కువ వేస్తే తొందరగా తగ్గుతుందనుకోవడం, 'ఇప్పుడు బాగానే ఉన్నాడు, సగం చాలు' అని ఇంట్లోనే విరగ్గొట్టి ఇవ్వడం, రెండూ ఆ సందు దాటించే పనులే.

ఈ మందుల పుట్టుక గురించి ఒక ముచ్చట. 1952లో పారిస్‌లో హెన్రీ లబోరీ అనే సర్జన్, ఆపరేషన్‌కి ముందు క్లోర్‌ప్రోమజైన్ ఇస్తే రోగులు తెలివిలోనే ఉండి కూడా నిమ్మళంగా ఉంటున్నారని గమనించాడు. అదే ఏడాది సెయింట్ ఆన్ ఆస్పత్రిలో డిలే, డెనికర్ దాన్ని మానసిక రోగులకి వాడి చూశారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1931లో, కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ మన సర్పగంధి వేరు ఉన్మాదానికీ రక్తపోటుకీ పనిచేస్తుందని రాశారు. ఆ వేరులోంచి తీసిన రిసర్పిన్ మెదడులో డోపమైన్ నిల్వల్నే ఖాళీ చేస్తుందని తర్వాత తేలింది. రక్తపోటు మరీ పడిపోవడం, దిగులు వంటి ఇబ్బందులతో ఈ జబ్బుకి దాని వాడకం పోయింది. నాటువైద్యుడిచ్చే వేరు ఏదైనా ఈ మాత్రలతో కలిపి తినిపించేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మందు మెదడులో మనకి కావలసిన చోటికే పోదు. కదలికలు నడిపే భాగంలోనూ అదే డోపమైన్, అదే డి2. మా తమ్ముడికి మొదట హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజు సాయంత్రం మెడ ఎడమవైపుకి తిరిగి అలాగే నిలబడిపోయింది, కళ్లు పైకి పోయాయి, నాలుక మందమై మాట రాలేదు. అమ్మ కర్పూరం వెలిగించింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ నర్సు చూసి, 'ఇది మందు వల్ల, భయపడకండి' అని ఒక సూది వేసింది. అరగంటలో మెడ దానంతటదే తిన్నగా వచ్చింది. వాడు నీళ్లు అడిగి తాగాడు. ముందుగా ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ సాయంత్రం మా వీధి అంతా పోగయ్యేది కాదు.

ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది జబ్బే అనుకుంటారు. కూర్చుంటే కూర్చోలేరు, నిలబడితే కాళ్లు ఊరుకోవు, మిషను ముందు పది నిమిషాలు నిలవలేక అటూ ఇటూ తిరుగుతుంటారు. సూపర్‌వైజరుకి పని ఎగ్గొడుతున్నట్టు కనిపిస్తుంది. లోపల నరకంలా ఉంటుంది, మనిషి విసిగి మందు మానేసేది చాలాసార్లు దీనివల్లే. ఇది మందు తెచ్చే ఇబ్బంది, మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. 'కాళ్లు నిలవడం లేదండి' అని ఆ మాటల్లోనే చెప్పండి, డాక్టరుకి వెంటనే అర్థమవుతుంది.

ఒలాంజపైన్ వంటి మందులు వణుకు తక్కువగా తెస్తాయి కానీ నిద్ర, ఆకలి, బరువు, చక్కెర పెంచుతాయి. మనది మూడుపూటలా వరన్నం తినే ప్రాంతం. మొదలెట్టే ముందు బరువు, నడుము కొలత, షుగరు చూపించుకుని, మూడు నెలలకి మళ్లీ చూపించుకోవాలి, ఆపైన ఏడాదికోసారైనా. కూల్‌డ్రింకులు మానేస్తే చాలావరకు అదుపులో ఉంటుందని మా ఇంటి అనుభవం. రిస్పెరిడోన్ వల్ల కొందరు ఆడవాళ్లకి నెలసరి ఆగుతుంది. గర్భం అనుకుని కంగారుపడటమో, సిగ్గుపడి చెప్పకపోవడమో జరుగుతుంది. మగవాళ్లకీ లైంగిక ఇబ్బందులు వస్తాయి. అడగకపోయినా చెప్పాల్సిన సంగతులివి.

పని స్థలంలో నేను ఎక్కువగా భయపడేది ఎండకి. ఈ మందుల్లో చాలావాటికి ఒంటి వేడిని సర్దుకునే శక్తిని తగ్గించే గుణం ఉంది. వణుకు తగ్గడానికి ఇచ్చే పాసిటేన్ చెమట కూడా తగ్గిస్తుంది. ఏలూరు చుట్టుపక్కల మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో పదకొండు నుంచి నాలుగు దాకా కళ్లంలోనో, గట్టు మట్టి పనిలోనో ఉండే మనిషి అయితే, పని వేళ మార్చమని మేస్త్రిని అడగండి. మంచినీళ్లు పక్కనే ఉండాలి. క్లోర్‌ప్రోమజైన్ వాడేవాళ్ల చర్మం ఎండకి తొందరగా కమిలిపోతుంది, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. తీవ్రమైన జ్వరం, కట్టెలా బిగుసుకున్న ఒళ్లు, పొంతన లేని మాటలు, ఈ మూడూ కలిసి వస్తే వడదెబ్బే అని నిమ్మరసం ఇస్తూ కూర్చోకండి. అరుదుగానే అయినా ఈ మందులతో ప్రాణం మీదికి వచ్చే స్థితి ఒకటి అచ్చం అలాగే ఉంటుంది. నేరుగా పెద్దాస్పత్రికి తీసుకెళ్లి, మాత్రల అట్ట చేతికివ్వండి.

మంచం మీంచి దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయి, రక్తపోటు ఒక్కసారిగా జారుతుంది. మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లూ నిచ్చెనలు, లారీ మీద బస్తాలు, ఆటో, ట్రాక్టరు వద్దు. చెరువులోకి పడవ మీద ఒంటరిగా వెళ్లొద్దు, ఎంత ఈత వచ్చినా.

బీడీ సంగతి చాలామందికి తెలియదు. పొగ వల్ల కాలేయం ఒలాంజపైన్‌ని, క్లోజపైన్‌ని తొందరగా కరిగించేస్తుంది. నికోటిన్ కాదు, పొగే కారణం. రోజుకి కట్ట బీడీలు కాల్చే మనిషి ఆస్పత్రిలో చేరి కాల్చడం ఆపితే అదే మోతాదుకి మందు ఎక్కువై మత్తుగా ఉంటాడు. ఇంటికొచ్చి మళ్లీ మొదలెడితే మందు చాలక జబ్బు తలెత్తుతుంది. మానేస్తే మంచిదే, కానీ మానే ముందు డాక్టరుకి చెప్పి మానండి. గంజాయి ముట్టకూడదు, దానికి ఏ సర్దుబాటూ లేదు.

రెండు రకాల మందులు సరిపడా మోతాదులో, సరిపడా కాలం వాడినా గుణం కనిపించనివాళ్లు ఉంటారు. వాళ్లకి క్లోజపైన్ ఉంది. 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందం వేరే మందులకి లొంగని రోగుల్లో దాన్ని పరీక్షిస్తే ఆరు వారాల్లో 30 శాతం మందికి గుణం వచ్చింది, క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చినవాళ్లలో 4 శాతానికే. అరుదుగా తెల్లకణాలు పడిపోతాయి, అందుకే మొదట్లో వారం వారం రక్తపరీక్ష. కూలి మనిషికి వారానికో పూట పోవడం చిన్న సంగతేం కాదు. పొద్దున్నే రక్తం ఇచ్చేసి పనికి పోయే వీలున్న చోటు చూసుకోండి. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే పరీక్ష చేయించాలి. వరసగా రెండు రోజులు మించి మాత్ర తప్పితే పాత మోతాదు తిరిగి మింగకూడదు, కింది నుంచి మొదలెట్టాలి. ఊరు వెళ్లేటప్పుడు అట్ట మరిచిపోతే ఇదే అసలు ఇబ్బంది.

రోజూ మాత్ర కుదరనివాళ్లకి, వలస పనులకి తిరిగేవాళ్లకి సూది మందు ఉంది. ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి కండకి వేస్తారు. పొద్దుటే 'మాత్ర వేసుకున్నావా' అని ఇంట్లో రోజూ జరిగే తగాదా పోతుంది. నన్నడిగితే అదే పెద్ద లాభం.

మానేయడం గురించి. 2012లో లాన్సెట్‌లో 65 పరీక్షల ఫలితాల్ని కలిపి చూశారు. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది మందు వాడినవాళ్లలో 27 శాతానికి, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 64 శాతానికి. అంటే మందు వాడినా కొందరికి తిరగబెడుతుంది, మానినా కొందరికి తిరగబెట్టదు. ఎవరు ఏ లెక్కలోకి వస్తారో ముందు ఎవరూ చెప్పలేరు. మొదటిసారి వచ్చినవాళ్లు తేరుకున్నాక కూడా కనీసం ఏడాది రెండేళ్లు వాడమంటారు. తగ్గించాలనిపిస్తే అడగడంలో తప్పు లేదు. నెలల మీద, మెల్లిగా, డాక్టరు కళ్ల ముందు. పని తొందరగా ఉన్న సీజన్‌లో మాత్రం ఆ ప్రయోగం పెట్టుకోవద్దు.

మందు చెయ్యలేనిది ఒకటుంది. మాటలు ఆగుతాయి, భయం పోతుంది, కానీ పోయిన ఉత్సాహం, చురుకుదనం మాత్ర వల్ల తిరిగి రావు. ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు. మేస్త్రి నాలుగు పనులు ఒకేసారి చెబితే రెండు మరిచిపోతాడు. ఒక పని అయ్యాక ఇంకోటి చెప్పమనండి, జేబులో చిన్న పుస్తకం పెట్టుకోమనండి. సగం పూటతో మొదలెట్టడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. పూర్తిగా బాగయ్యాకే పని అనుకుని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ల కంటే, చిన్నదో పెద్దదో పనిలో పడినవాళ్లే తేరుకోవడం నేను చూశాను.

ఇక ఆఫీసు కాగితాలు. ఇది నా శాఖ. పదిమంది, ఆ పైన పనిచేసే ఫ్యాక్టరీలో నెలకి 21,000 దాకా జీతమైతే ఇఎస్‌ఐ బీమా ఉంటుంది. మామూలు జబ్బు సెలవుకి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. దీర్ఘకాల జబ్బుల పట్టీ వేరే ఉంది, అందులో సైకోసిస్ కూడా ఉంది. రెండేళ్లు విడవకుండా పనిచేసి, చందా రోజులు సరిపోతే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. ఈ సంగతి తెలియక రాజీనామా రాసిచ్చినవాళ్లని చూశాను. జబ్బు ముదిరి ఉన్నప్పుడు రాజీనామా రాయనివ్వకండి. సెలవు చీటీ రాయించండి.

ప్రభుత్వ ఉద్యోగి అయితే, 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలని, మామూలు జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని అందులో ఉంది. జబ్బు ఉన్నంత మాత్రాన మతిలేనివాడు అనడానికి లేదని కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే సదరం శిబిరంలో సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000. 'సర్టిఫికెట్ ఉంటే పెళ్లి కాదు' అని దాచిపెట్టే ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. ఆ కుటుంబాలకి నేను చెప్పగలిగేది తక్కువ.

చెరువు కాపలాకి ఇఎస్‌ఐ లేదు, పట్టీ లేదు, నియామకపు కాగితం లేదు. అక్కడ ఉన్నది ఆసామి, ఆయన మంచితనం. కాబట్టి ఎవరికి చెప్పాలన్న ప్రశ్న అక్కడే గట్టిగా వస్తుంది. అందరికీ చెప్పక్కర్లేదు. జబ్బు పేరూ చెప్పక్కర్లేదు. నమ్మకమున్న ఒక్కరికి, 'మందు వాడుతున్నాడు, రాత్రిళ్లు మేలుకోలేడు, పగలు ఏ పనైనా ఇవ్వండి' అంటే చాలు. డాక్టరు చీటీ మీద కూడా 'కొన్నాళ్లు రాత్రి పని వద్దు' అని రాయించుకోవచ్చు, జబ్బు పేరు రాయాల్సిన పని లేదు. నిద్ర తెగిపోవడం కూడా జబ్బు తిరగబెట్టడానికి దారి తీయొచ్చు కాబట్టి ఆ మాట అబద్ధమూ కాదు. డాక్టరుని కలిసే లోపు ఏదైనా అడగాలంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీమానస్ అంటారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

బస్టాండు నుంచి తెచ్చాక, రెండోసారి మందు పట్టాక, ఈసారి నేనే డాక్టరు ముందు కూర్చుని చెరువు సంగతంతా చెప్పాను. మూడు గంటలకి చేప ఎందుకు తేలుతుందో ఆయన ఆసక్తిగా విన్నారు. అంతా విని వాడినే అడిగారు, "మత్తు తక్కువుండే మందుకి మార్చమంటావా, పని నువ్వు మార్చుకుంటావా?" వాడు కాసేపు ఆలోచించాడు. "ఈ మందు నాకు పడిందండి. పనే మారతాను" అన్నాడు. మాత్ర మాత్రం తొమ్మిది నుంచి ఏడింటికి జరిపారు.

ఇప్పుడు వేరే చెరువులో పగలు మేత పని. తవుడు నింపిన చిల్లుల సంచుల్ని పడవ మీద తీసుకెళ్లి వెదురు గుంజలకి కట్టాలి, సాయంత్రం ఖాళీ సంచులు విప్పుకు రావాలి. పడవలో ఇంకో కుర్రాడు తోడుంటాడు. ఎన్ని గుంజలకి ఎన్ని సంచులో జేబు పుస్తకంలో రాసుకుంటాడు. మొన్న ఆ పుస్తకం చివరి పేజీలో వాడి రాత చూశాను. 'బరువు 71. కాళ్లు బాగానే ఉన్నాయి. మోతాదు తగ్గించమని అడగాలి, కానీ చేప పట్టుబడి అయ్యాక.'